మరీ చిన్నగా వద్దు

కటింగ్ షాపులో బెంచీ మీద మన వంతు కోసం కూర్చున్నప్పుడు పేపరు పక్కన పెట్టి, కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఏం చెబుతున్నారో వినండి. మెడ చుట్టూ గుడ్డ కట్టి, సీసాతో నాలుగు చినుకులు నీళ్ళు కొట్టి, "ఎలా కొట్టమంటారు సార్?" అని అడుగుతాడు షాపతను. జవాబులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "మామూలుగానే." "మీడియంగా." "పోయినసారి లాగే." అన్నిటికన్నా ఎక్కువగా వినబడేది, "కొంచెం తగ్గించు, మరీ చిన్నగా వద్దు."

ఈ చివరి మాటలో కొలత లేదు, ఆకారం లేదు. ఎప్పుడో ఒకసారి మరీ చిన్నగా కొట్టించుకుని నలుగురిలో తిరగడానికి సిగ్గుపడిన జ్ఞాపకం మాత్రం ఉంది. వడ్రంగికి తలుపు పురమాయించేటప్పుడు అంగుళాలతో సహా చెప్పే మనిషి, హోటల్లో కాఫీ అయినా "స్ట్రాంగుగా, పంచదార తక్కువ" అని విడమరిచి చెప్పే మనిషి, తన నెత్తి దగ్గరకొచ్చేసరికి నీళ్ళు నములుతాడు. ఏం వద్దో తెలుసు. ఏం కావాలో అద్దంలో కనిపించాక గానీ తెలియదు. అప్పటికి కత్తెర పని అయిపోయి ఉంటుంది.

టైలరు దగ్గర ఆడవాళ్ళకు ఈ ఇబ్బంది తక్కువ. కొత్త జాకెట్టు కుట్టించాలంటే ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఆదిగా పట్టుకెళ్ళి ఇస్తారు. చేతులు అర అంగుళం పొడుగు, మెడ ఇంకాస్త లోతు, మిగతా అంతా దీనిలాగే. మాట తడబడినా ఆది తడబడదు. జుట్టుకు అలాంటి ఆది లేదు. వెంట్రుక నెలకు ఒక సెంటీమీటరు పైచిలుకు పెరుగుతుంది కాబట్టి, బాగా కుదిరిన క్రాపు మళ్ళీ షాపుకు వెళ్ళే వేళకు ఆనవాలు లేకుండా పోతుంది. "పోయినసారి లాగే" అంటాం గానీ, పోయినసారిది మన దగ్గర లేదు. అది ఉంటే గింటే షాపతని చేతుల్లో ఉండాలి.

అందుకే కుర్రాళ్ళు ఇప్పుడు ఫోను తీసి ఫొటో చూపిస్తున్నారు. కొత్త పద్ధతేమీ కాదు, ఫొటో గోడ మీద నుంచి జేబులోకి దిగిందంతే. 2003లో 'తేరే నామ్' వచ్చినప్పుడు సల్మాన్‌ఖాన్ మధ్య పాపిడి దేశమంతా పాకింది. ఆ సినిమా కథ ఏమిటో తెలియని పిల్లలు కూడా నుదుటి మీదికి జారే జుట్టుతో తిరిగారు. ధోనీ జులపాలను 2006లో పాకిస్తాన్ అధ్యక్షుడు ముషారఫే మెచ్చుకున్నాక ఇక వాటికి ఎదురేముంది! ఆ తర్వాత 'గజిని' కటింగు. ఈ వేలంవెర్రుల్లో ఒక్కదాని పుట్టుక మాత్రం నాకు నచ్చుతుంది. 1960లో 'లవ్ ఇన్ సిమ్లా' తీసేటప్పుడు సాధన నుదురు వెడల్పుగా కనిపిస్తోందని, దర్శకుడు ఆర్.కె. నయ్యర్ ఆమెకు ఆడ్రీ హెప్‌బర్న్ తరహాలో ముందు జుట్టు కత్తిరించి నుదుటి మీదికి దింపారు. అదే 'సాధనా కట్' అయి ఊరూరా తిరిగింది. అదీ అనుకరణే. అయితే ముందు ఈ ముఖాన్ని చూసి, ఇక్కడ ఏం చేస్తే బాగుంటుందని ఆలోచించి చేసిన అనుకరణ. దాన్ని పట్టుకెళ్ళిన అమ్మాయిల్లో నుదురు చిన్నగా ఉన్నవాళ్ళు ఎంతమందో! వాళ్ళకు అది ఎలా కుదిరి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఫొటోలో కనిపించని సంగతులు చాలా ఉంటాయి. మా పేటలో నేను వెళ్ళే షాపతను దువ్వెన పెట్టేముందు వేళ్ళు పెడతాడు. నడినెత్తి వెనక సుడి ఎక్కడుందో, ఎటు తిరిగిందో వేలికొసలతో వెతుకుతాడు. సుడి దగ్గర మరీ పొట్టిగా కొడితే జుట్టు పడుకోదు, నిక్కబొడుచుకుని లేస్తుంది. కాస్త పొడుగు ఉంచితే దాని బరువుకే అది అణిగి ఉంటుంది. రెండు సుడుల కుర్రాడు దొరికితే "నీకు రెండు పెళ్ళిళ్ళురోయ్" అనే పాత హాస్యం ఎలాగూ తప్పదు. అది అయ్యాక ఆ రెంటి మధ్యా జుట్టు ఎటు వాలుతోందో తల వంచి మరీ చూస్తాడు. తడిపిన జుట్టు సాగి పొడుగ్గా కనిపిస్తుంది, ఆరాక పైకి లాక్కుంటుంది, ఉంగరాల జుట్టయితే మరీను. అందుకని అలాంటి తలకు అడిగినదానికన్నా ఒక పిసరు ఎక్కువే వదిలిపెడతాడు. రెండు చెవులూ సరిగ్గా ఒకే ఎత్తులో ఉన్న మనిషి అరుదు. చెవులను నమ్ముకుని సైడ్‌లాకులు కోస్తే వంకరొస్తాయి. అందుకని రెండు చూపుడువేళ్ళూ చెంపల మీద ఆనించి, ఎదుటి అద్దంలోకి చూసి ఎత్తు సరిపోల్చుకుంటాడు. ఇవేవీ మనం చెప్పినవి కావు. చెప్పడానికి మనకు తెలియవు కూడా.

చివర్లో కత్తి పని. కొత్త బ్లేడును కాగితంలో ఉండగానే మధ్యకు టక్కున విరుస్తాడు. ఒక సగం కత్తిలో బిగిస్తాడు, రెండో సగం తర్వాతివాడికి. తల వంచమని, మెడ వెనక చల్లటి నీళ్ళు రాసి, "రౌండా సార్, స్ట్రెయిటా?" అంటాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ నా మెడ వెనక భాగం నేను నేరుగా చూసుకున్నది లేదు. అయినా ఏదో ఒకటి చెబుతాను, ఆలోచించి చెప్పినట్టే చెబుతాను.

మాటలతో ఈ తంటాలు ఎందుకని అంకెలు కనిపెట్టారు. మిషనుకు తగిలించే దువ్వెనలకు నంబర్లుంటాయి. ఒకటంటే దాదాపు 3 మిల్లీమీటర్లు, రెండంటే 6, నాలుగంటే 13. ఒక్కో నంబరుకు అంగుళంలో ఎనిమిదో వంతు చొప్పున పెరుగుతుంది. అమెరికా చదువులకు వెళ్ళిన మన పిల్లలు అక్కడ ముందుగా నేర్చుకునే లెక్కల్లో ఇదొకటి. పక్కల రెండు, పైన కత్తెర. కొన్ని చెయిన్ షాపుల్లో ఫోన్ నంబరు చెబితే చాలు, క్రితంసారి ఏం కొట్టారో కంప్యూటరే చెబుతుంది. డాలర్లను రూపాయల్లోకి మార్చి చూసుకునే మొదటి ఏడాదిలో కటింగు ఖర్చు, దాని పైన టిప్పు ప్రాణం మీదికి వస్తాయి కాబట్టి, నలుగురు కలిసి ఒక మిషను కొనుక్కుని బాత్రూములో ఒకరికొకరు కొట్టుకుంటారు. అక్కడ నంబరే గురువు. తప్పు జరిగినా మిల్లీమీటర్లలో జరుగుతుంది.

అంకెల మీద నాకేమీ కోపం లేదు. కొత్త ఊళ్ళో, భాష రాని చోట అవే దిక్కు. హైదరాబాదులోనూ విజయవాడలోనూ ఉత్తరాది నుంచి వచ్చిన కుర్రాళ్ళు పనిచేసే షాపులు ఇప్పుడు చాలా ఉన్నాయి. మన తెలుగూ వాళ్ళ హిందీ ఎక్కడా కలవకపోతే రెండు వేళ్ళ మధ్య ఎడం చూపించి "ఇంత" అంటాం. ఆ "ఇంత" తీసేసేదా, ఉంచేదా అన్న సంగతి మాత్రం ముందే తేల్చుకోవడం మంచిది. కొందరు కొట్టేసేది చూపిస్తారు, కొందరు మిగిలేది చూపిస్తారు. షాపతను అడగడు, తనకు తోచింది చేస్తాడు.

2020 లాక్‌డౌన్‌లో షాపులు మూసేస్తే భార్యలూ పిల్లలూ కత్తెర పట్టారు. అన్నాళ్ళూ "మామూలుగానే" అనే మాటతో కాలక్షేపం చేసిన మగవాళ్ళు ఒక్కసారిగా వివరంగా చెప్పడం మొదలుపెట్టారు. ముందు దువ్వెన పెట్టు, దువ్వెన పైకి వచ్చిందే కత్తిరించు, చెవి మడిచి పట్టుకో, సుడి జోలికి వెళ్ళకు. ఇంత తెలిసినవాళ్ళు షాపులో ఎందుకు చెప్పలేదు? అక్కడ చెప్పనవసరం లేకపోయింది. పని వచ్చిన చేతికి సగం చెబితే చాలు, రాని చేతికి అంతా చెప్పాలి. మన "మామూలుగానే" వెనక ఎవరో ఏళ్ళ తరబడి పడ్డ కష్టం ఉందని ఆ రెండు నెలల్లో చాలా ఇళ్ళలో తెలిసొచ్చింది.

తలలను గుర్తుపెట్టుకోవడం అంటే నాకు ఉపాలి తలపుకొస్తాడు. కపిలవస్తులో శాక్యుల క్షురకుడు. ఆనందుడు, అనిరుద్ధుడు మొదలైన శాక్య కుమారులు సన్యసించడానికి బయల్దేరినప్పుడు తమ ఆభరణాలు ఒలిచి ఇచ్చి అతన్ని వెనక్కి పంపబోయారు. అతను అవి వదిలేసి వాళ్ళ వెంటే వెళ్ళాడు. తమ కులగర్వం అణగాలంటే అతనికే ముందు దీక్ష ఇవ్వమని ఆ కుమారులే బుద్ధుణ్ణి అడిగారని బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. ముందు దీక్ష తీసుకున్నవాడికి తర్వాత వచ్చినవాళ్ళు మొక్కాలి మరి. బుద్ధుడు పోయాక రాజగృహంలో జరిగిన మొదటి సంగీతిలో భిక్షువుల నియమాలన్నీ, ఏది ఎక్కడ ఎందుకు పెట్టారో సహా, మహాకాశ్యపుడు అడుగుతుంటే జ్ఞాపకం నుంచి అప్పగించినవాడు ఈ ఉపాలే. అంత జ్ఞాపకశక్తి వృత్తిలో అబ్బిందని నేను అనలేను. అయినా ఆ పనిలో ఉన్నవాళ్ళను చూస్తున్నప్పుడు అలా అనుకోవాలనిపిస్తుంది. మా షాపతనికి నా పేరు సరిగ్గా తెలియదు. ఎడమ కణత పైన చిన్నప్పటి గాటు ఉందని, అక్కడ మిషను తిప్పకూడదని తెలుసు.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా ఉండేది ఆఖరి అర నిమిషం. చిన్న అద్దం తెచ్చి వెనక పట్టుకుంటాడు. ఎదుటి అద్దంలో వెనక అద్దం, అందులో మన మెడ, మన వెనక బెంచీ, బెంచీ మీద వంతు కోసం చూస్తున్న మొహాలు. "చూడండి సార్." మనం తలూపుతాం. ఎప్పుడూ తలూపుతాం. అద్దం ఇంకొంచెం పక్కకు తిప్పమని అడిగినవాళ్ళు అరుదు. "ఇక్కడ ఇంకాస్త తీయి" అన్నవాళ్ళు ఇంకా అరుదు. ఇంటికి వెళ్ళి అద్దం ముందు నిలబడి "డిప్ప కటింగు కొట్టేశాడు" అని విసుక్కునేది ఈ తలూపినవాళ్ళే.

ఆలోచిస్తే విచిత్రంగా ఉంటుంది. దిద్దగలిగిన మనిషి, కత్తెర ఇంకా చేతిలోనే ఉన్న మనిషి, పనిగట్టుకుని అద్దం పట్టుకుని మరీ అడిగితే బాగుందంటాం. దిద్దలేనివాళ్ళ దగ్గర, ఇంట్లోవాళ్ళ దగ్గర, ఆఫీసులో పక్క సీటువాళ్ళ దగ్గర బాగాలేదంటాం. మొహమాటం అని సరిపెట్టుకోవచ్చు గానీ, ఇది అంత మంచి మొహమాటం కాదు. అతన్ని నొప్పించకూడదని నోరు మూసుకుని, అతను లేని చోట నాలుగు మాటలంటాం. పైగా వచ్చే నెల అడ్రసు మార్చేస్తాం. తను చేసిన తప్పేమిటో అతనికి ఎప్పటికీ తెలియదు. మా షాపతనితో ఒకసారి ఈ మాటే అంటే, "బాగాలేదన్నవాడు మళ్ళీ వస్తాడు సార్, బాగుందన్నవాడే రాడు" అన్నాడు.

మొహమాటం ఒక్కటే కాదనుకుంటాను. ఇరవై నిమిషాలు ఒక మనిషి మన తల పట్టుకుని తిప్పాడు. చెవి మడిచాడు, గడ్డం ఎత్తాడు, గొంతు పక్కన కత్తి నడిపాడు. అంత దగ్గరగా ఈ లోకంలో మనల్ని ముట్టుకునేవాళ్ళు ఎందరు? కళ్ళజోడు తీసేసి ఉంటాం, చేతులు గుడ్డ కింద ఉంటాయి. ఆ స్థితిలో గొంతు పెగలదు. డాక్టరు "ఇంకేమైనా ఉందా?" అంటే "ఏం లేదండీ" అని బయటికి వచ్చి, మెట్లు దిగుతూ అసలు బాధ గుర్తు తెచ్చుకునేదీ ఇలాంటి కుర్చీలో కూర్చుని లేచాకే. అద్దం పెట్టగానే కళ్ళజోడు అడిగి తీసుకుని పెట్టుకోవడం ఒక మంచి అలవాటు. కళ్ళకు కనబడితే నోటికి కాస్త ధైర్యం వస్తుంది. ఎడమ పక్క చెవి పైన బరువుగా ఉందనిపిస్తే ఆ చోటు వేలితో చూపించి, "ఇక్కడ కొంచెం" అంటే చాలు. రెండు సార్లు కత్తెర ఆడిస్తాడు, అయిపోతుంది. అతని మొహంలో నొచ్చుకోవడం నేనైతే ఎప్పుడూ చూడలేదు.

"ఎలా కొట్టమంటారు?" అన్న ప్రశ్న అందరినీ అడిగినదీ కాదు. పాత పల్లెటూళ్ళలో నాయీబ్రాహ్మణ కుటుంబానికి ఇన్ని ఇళ్ళని ఉండేవి, పంట ఇంటికి వచ్చినప్పుడు ఏడాదికి ఇంతని ధాన్యం కొలిచేవాళ్ళు. పొది చంకన పెట్టుకుని ఆయనే వచ్చేవాడు. అరుగు మీదో వేపచెట్టు కిందో కూర్చోబెట్టి పని కానిచ్చేవాడు. పెళ్ళిలో సన్నాయి ఊదేది, కురుపుకు కట్టు కట్టేది ఆ కుటుంబమే. పురుళ్ళు పోసేది ఆ ఇంటి ఆడవాళ్ళే. తాత తల తెలిసిన చేతికి మనవడి తల గురించి చెప్పేదేముంది? ఆ రోజులు తలుచుకుని మురిసిపోయేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. ఆ పొది అన్ని గుమ్మాల ముందూ విప్పేది కాదన్న సంగతి వాళ్ళకు గుర్తుండదు. సతారాలో అంబేడ్కర్ చిన్నతనంలో క్షురకులు లేక కాదు, డబ్బు ఇవ్వలేక కాదు, అంటరానివాళ్ళ తల ముట్టుకునేవాడు లేక ఆయన అక్కే ఇంట్లో పిల్లలకు జుట్టు కత్తిరించేది. ఆయనే ఆ సంగతి తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. దీనికి కత్తెర పట్టినవాణ్ణి ఒక్కణ్ణే తప్పుపట్టి లాభం లేదు. ఒక గుమ్మం ముందు కూర్చుంటే మిగతా గుమ్మాలన్నీ మూసుకుపోయే ఏర్పాటు ఊరు చేసి పెట్టింది. 1955లో చట్టం వచ్చింది, ఇలా పని చెయ్యననడం నేరమైంది. అయినా ఫలానా ఊళ్ళో దళితులకు క్షవరం చెయ్యనన్నారన్న వార్త ఇప్పటికీ ఎక్కడో ఒకచోటి నుంచి వస్తూనే ఉంటుంది.

అడగకుండానే క్షవరం చేయించిన తలలూ ఉన్నాయి. వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించే నాటికి, బ్రాహ్మణ కుటుంబాల్లో మొగుడు పోయిన ఆడపిల్లకు తల గొరిగించడం ఆచారం. పసితనంలో పెళ్ళి అయి, కాపురం అంటే ఏమిటో తెలియకముందే బోడితలతో కొంగు కప్పుకున్నవాళ్ళు ఉన్నారు. ఎలా కావాలమ్మా అని వాళ్ళను ఎవరూ అడగలేదు. ఇవన్నీ తెలిసినవాణ్ణి కాబట్టి, లోపలికి వచ్చిన మనిషిని పేరూ ఊరూ అడగకుండా కుర్చీలో కూర్చోబెట్టి "ఎలా కావాలి?" అనే షాపంటే నాకు గౌరవం.

తనంతట తాను ఇచ్చుకునేది వేరే. తిరుమల కల్యాణకట్టలో ఎవరూ ఏమీ వివరించరు. తల తడుపుకుని కూర్చుంటే నిమిషాల్లో నున్నగా అయిపోతుంది. గుండు వద్దనుకున్న ఆడవాళ్ళు "మూడు కత్తెరలు" అంటారు, అక్కడికి ఆ సంభాషణ ముగిసింది. సుడి ఎటు తిరిగితే ఏమిటి, చెవులు ఎంత ఎత్తులో ఉంటే ఏమిటి! వెనక అద్దం చూపించే పనీ లేదు.

మిగతా రోజుల్లో ఏం చెప్పాలి మరి? స్టైలు పేరు చెప్పడం కన్నా మన దినచర్య చెప్పడం మేలని నా అభిప్రాయం. రోజూ హెల్మెట్ పెట్టుకుంటాను. తలకు నూనె రాస్తాను. దువ్వెన పొద్దున ఒక్కసారే. ఎండలో తిరిగే ఉద్యోగం. మళ్ళీ వచ్చేది రెండు నెలలకే. వచ్చే శుక్రవారం తమ్ముడి పెళ్ళి. వీటిలో ఒక్కొక్క మాటా అతని చేతి పనిని మార్చగలదు. హెల్మెట్ అన్నవాడికి ముందు జుట్టు నిలబెట్టడం దండగ అని తెలుస్తుంది. పెళ్ళి అన్నవాడికి ఈవేళే కాస్త ఎక్కువ ఉంచి కొడతాడు, వారంలో అది సర్దుకుంటుంది. నూనె రాసేవాడి జుట్టు తలకు అంటుకుని పల్చగా కనిపిస్తుంది, దాన్ని బట్టి పైన పొడుగు చూసుకుంటాడు. "ఫేడ్ చెయ్యి" అంటే ఇవేమీ తెలియవు, ఫేడ్ ఒకటే తెలుస్తుంది.

ఆ ఫేడ్ సంగతే తీసుకోండి. చెవి దగ్గర నున్నగా మొదలై పైకి పోను పోను ముదురుతూ వెళ్ళే ఆ నీడ చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. అది నిలవాలంటే రెండు మూడు వారాలకోసారి కుర్చీ ఎక్కాలి. రెండు నెలలకోసారి మాత్రమే షాపు గుర్తొచ్చే మనిషి ఫేడ్ కోరుకుంటే, పదిహేను రోజులు అతను కోరుకున్నట్టూ, మిగతా నెలన్నర ఎవరూ కోరుకోనట్టూ ఉంటాడు. తప్పు షాపతనిదే అనుకుంటాడు కూడా. ఏదైనా కావాలనుకునేటప్పుడు దాన్ని పోషించే ఓపిక మన దగ్గర ఉందో లేదో చూసుకోవడం మనలో చాలామందికి అలవాటు లేదు. వాకింగ్ బూట్లు, వీణ క్లాసులు, బాల్కనీలో గులాబీ కుండీలు, అన్నీ కొన్న రోజు అందంగానే ఉంటాయి. నా మటుకు నాకు, ఎంత నిర్లక్ష్యం చేసినా ఆరువారాల దాకా మర్యాదగా ఉండే క్రాపే మంచి క్రాపు. కుర్రాళ్ళు ఒప్పుకోరు, ఒప్పుకోవాల్సిన పనీ లేదు. వాళ్ళకు వారం వారం షాపుకు వెళ్ళడమే ఒక సరదా.

చెప్పాల్సింది చెప్పాక ఇక వదిలెయ్యాలి. ప్రతి వేటుకూ "చూసి, చూసి" అని హెచ్చరించేవాళ్ళు ఉంటారు. అద్దంలో కత్తెరను కళ్ళతో వెంబడిస్తూ, తల తమకు తెలియకుండానే అటు తిప్పేస్తారు. గీత తప్పేది ఆ తిప్పడం వల్లే. ఒక పక్క అయ్యాక, రెండో పక్క మొదలుపెట్టేముందు అతను ఒక్క క్షణం ఆగి దువ్వెన దులుపుకుంటాడు. ఏమైనా అనాలంటే అది అదను. అప్పుడు దాటిపోతే మళ్ళీ చిన్న అద్దం వచ్చేదాకా కళ్ళు మూసుకుని కూర్చోవడం ఉత్తమం. కత్తెర గాలిలో ఆడే చప్పుడుకు నిద్ర కూడా పడుతుంది.

వయసు పైబడినకొద్దీ చెప్పాల్సింది తగ్గుతుంది, అడిగే ప్రశ్నలు మారతాయి. "తెల్లవెంట్రుకలు వచ్చాయి సార్, డై వేయమంటారా?" ఇది జుట్టు గురించిన ప్రశ్న కాదని ఇద్దరికీ తెలుసు. "ఇప్పుడొద్దులే" అనడంలో ఒక రకం మనిషి కనిపిస్తాడు, "ఎంతవుతుంది?" అనడంలో ఇంకో రకం. రెండూ తప్పు కాదు. పైన పల్చబడ్డవాళ్ళు ఒక పక్క జుట్టు పొడుగ్గా పెంచి, దాన్ని అడ్డంగా దువ్వి కప్పమంటారు. గాలి వీచేదాకా అది బాగానే ఉంటుంది. పనితనం ఉన్న షాపతను దీన్ని వద్దనడు, ప్రతిసారీ ఆ పక్క ఒక్కొక్క పిసరు తగ్గించుకుంటూ వస్తాడు. ఏడాది తిరిగేసరికి ఆ మనిషి పొట్టి క్రాపుతో, ఉన్న వయసుతో, మునుపటికన్నా బాగా కనిపిస్తుంటాడు. ఎప్పుడు మారిందో తనకూ తెలియదు. అడిగింది అడిగినట్టు ఇవ్వకపోవడం కూడా కొన్నిసార్లు దయే. దానికి ఎంత చనువు ఉండాలో అంత చనువు సంపాదించుకున్నాకే ఆ పని చేస్తాడు.

ఇక పిల్లలు. కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క వేసి, దాని మీద కూర్చోబెడతారు. వాడి తరఫున నాన్న మాట్లాడతాడు. "చిన్నగా కొట్టెయ్ బాబాయ్, రెండు నెలలు ఇటు రాకూడదు." వాడు ఏడుస్తాడు, లేదా దవడలు బిగించి కూర్చుంటాడు. నెత్తి వాడిది, లెక్క నాన్నది. ఆ చెక్క అక్కర్లేని ఏడు ఒకటి వస్తుంది. కాళ్ళు ఇంకా నేలకు అందవు గానీ కుర్చీలో మామూలుగా కూర్చుంటాడు. షాపతను అలవాటుగా నాన్న వైపు తిరిగి "ఎలా కొట్టమంటారు?" అంటే, వాడు తనే గొంతు సవరించుకుని, "పక్కల తగ్గించండి, ముందు ఉంచండి, నేను ఇలా దువ్వుకుంటాను" అని చేత్తో చూపిస్తాడు. మా షాపతను కత్తెర ఎత్తే ముందు అద్దంలోంచి నాన్న మొహం ఒకసారి చూస్తాడు. మంచి నాన్నలు ఆ సమయానికి పేపర్లో పడిపోతారు. స్కూల్లో ఏమంటారోనని గొణిగేవాళ్ళకు నేనిచ్చే సలహా ఒకటే. అననివ్వండి. తనకు ఏం కావాలో పది మాటల్లో, ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి, "అండి" చేర్చి చెప్పిన పిల్లవాడు ఆ రోజు నేర్చుకున్నది స్కూలు వాళ్ళు ఊహించేదానికన్నా ఎక్కువ. క్రాపు బాగా రాకపోతే ఇరవై రోజులు టోపీ పెట్టుకుంటాడు.

మీరు కూడా అలా చెప్పి చూడాలనుకుంటే ఆదివారం పొద్దున మాత్రం వెళ్ళకండి. బెంచీ నిండా జనం, టీవీలో పాటలు, అతని కళ్ళు గుమ్మం వైపు. మీరు ఏం చెప్పినా "అలాగే సార్" అంటాడు, చెయ్యి తనకు అలవాటైన దారినే పోతుంది. మంగళవారం ఎలాగూ సెలవు. బుధవారం పదకొండు గంటల ప్రాంతంలో వెళ్ళండి. అప్పుడే ఊడ్చిన నేల, ఖాళీ బెంచీ. అతనికి తొందర ఉండదు, మీకూ ఉండకుండా చూసుకోండి. గుడ్డ కట్టకముందే, ఇంకా నిలబడి ఉండగానే, మీ తల గురించి మీకు తెలిసినంత చెప్పండి. తర్వాత, "మీరైతే ఏం చేస్తారు?" అని అతన్ని అడగండి. అతను వెంటనే జవాబు చెప్పడు. మిమ్మల్ని కూర్చోమని, వేళ్ళు జుట్టులోకి పోనిచ్చి, ముందు సుడి వెతుకుతాడు.